పక్కింటి కుక్కలు మన పెరట్లోకి రాకుండా చేయాలంటే

నేను గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ పనిలో ఉన్నాను. "పక్కింటి కుక్కలు లోపలికి వచ్చేస్తున్నాయి, గోడ ఇంకో రెండడుగులు లేపాలి" అని ఎవరైనా పిలిస్తే, వెళ్లాక నేను ముందు గోడ జోలికి పోను. గేటు దగ్గర గొంతుక్కూర్చుని కింద సందు చూస్తాను. చాలా ఇళ్లలో సంగతి అక్కడే తేలిపోతుంది. రెక్క కింద ఒకచోట నేల నున్నగా అరిగి కొంచెం గుంట పడి ఉంటుంది. చివరి చువ్వ మొనకు నాలుగు వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. గోడ ఎంత లేపినా ఆ కుక్క వచ్చే దారి మాత్రం అలాగే ఉంటుంది.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు ఇది ఎంత టెన్షనో నాకు తెలుసు. మా పిల్లలు కూడా రోజంతా పెరట్లోనే ఆడుకుంటారు. అందుకే చెబుతున్నాను, కంగారుపడి ఏదో ఒకటి కొనేయకండి. ఏ కుక్క వస్తోంది, ఎటునుంచి వస్తోంది, ఎప్పుడు వస్తోంది, దేనికోసం వస్తోంది అన్న నాలుగు విషయాలు తేలితే సగం పని అయిపోయినట్టే.

ముందు దారి కనిపెట్టండి

అనుమానం ఉన్న చోట్లన్నీ రాత్రి పడుకునేముందు జల్లించిన ఇసుక పలచగా చల్లి, చీపురుతో చదును చేయండి. గేటు కింద, కంచె మూలల్లో, తూము దగ్గర, రెండు గోడలు కలిసేచోట. పొద్దున చూస్తే అడుగులు పడి ఉంటాయి. గోళ్ల గుర్తులు కనిపిస్తే కుక్క. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటుంది కాబట్టి దాని అడుగులో సాధారణంగా గోళ్ల గుర్తు ఉండదు. అడుగుల సైజు చూస్తే వచ్చేది ఒకటా, రెండు మూడా అన్నది కూడా తెలుస్తుంది. ఇంట్లో పాత ఫోను ఉంటే కిటికీలో పెట్టి వీడియో తీయండి. కుక్కలకు వేళల పట్టింపు ఎక్కువ. యజమాని తెల్లవారుజామున గేటు తీసి వదిలే అలవాటు ఉంటే, అవి కాస్త అటూఇటూగా రోజూ అదే సమయానికి మన దగ్గరికి వస్తాయి.

వెంట్రుకలు ఏ ఎత్తులో చిక్కుకున్నాయో చూడండి. నేలకు దగ్గరగా ఉంటే కింద నుంచి దూరుతోంది. గోడ మీద గీరిన మరకలు ఉంటే ఎక్కుతోంది. ఈ రెండింటికీ చేయాల్సిన పని వేరు.

దేనికోసం వస్తోంది

కుక్క ఊరికే రాదు. తినడానికి ఏదో దొరుకుతుంటుంది, లేదా పాత వాసన పిలుస్తుంటుంది, లేదా మన ఇంట్లో ఎదకొచ్చిన ఆడకుక్క ఉంటుంది. ఒక్కోసారి చల్లటి నీడ, మెత్తటి మట్టి చాలు.

చెత్తడబ్బా మూత గట్టిగా బిగుసుకునేలా ఉండాలి. మూతిమీద ఊరికే ఆనించిన మూతను కుక్క ముక్కుతోనే లేపేస్తుంది. మన పెంపుడు జంతువులు తిన్న గిన్నె బయట వదలకండి. రాలిన పళ్లు ఏరేయండి. మొక్కలకు ఎముకల పొడి, చేపల ఎరువు వేస్తున్నారా? అయితే కుక్కలను మీరే పిలుస్తున్నట్టు. అవి వాసన పట్టి ఆ పాదంతా తవ్వేస్తాయి. కంపోస్టు గుంతలో మాంసం, వండిన తిండి వేయకండి, పైన జాలీ మూత పెట్టండి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పదిసార్లు వస్తే ఒక్కసారే ఏదైనా దొరికినా కుక్క రావడం మానదు. ఎప్పుడో ఒకసారి దొరికితే ఆశ మరింత గట్టిపడుతుంది. కాబట్టి ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. పిల్లలు ముచ్చటపడి ఒక ముక్క విసిరితే మీరు వారమంతా పడ్డ కష్టం పోతుంది.

ఇక వాసన. ఒక కుక్క మూత్రం పోసినచోట ఇంకో కుక్క పోస్తుంది, మొదటిది మళ్లీ వచ్చి పోస్తుంది. ముందు నీళ్లతో బాగా కడిగి, పెంపుడు జంతువుల మరకలకోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ వాడండి. మూత్రంలో వాసనకు కారణమయ్యే పదార్థాలను అది విడగొడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, వాటి వాసన మూత్రం వాసనకు దగ్గరగా ఉంటుంది. మూత్రం మీద బ్లీచ్ పోయడం అసలే వద్దు. రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు వస్తుంది.

మలం కనిపించిన రోజే చేతికి కవరు తొడుక్కుని తీసేయండి. కుక్కల పేగుల్లో ఉండే టాక్సోకారా అనే ఏలికపాము గుడ్లు మలంతో బయటికి వస్తాయి. వచ్చిన వెంటనే అవి మనకు అంటవు, మట్టిలో రెండు మూడు వారాలు గడిచాక అంటుకునే దశకు వస్తాయి. ఆ తర్వాత అదే మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు దాంతోనే ప్రమాదం. కుక్కల పేగుల్లోనే ఉండే కొంకిపురుగుల (హుక్‌వర్మ్) లార్వాలైతే ఒట్టికాళ్ల చర్మం గుండానే లోపలికి పోగలవు. అందుకే ఏ రోజుది ఆ రోజు తీసేయాలి, పిల్లలు ఆడే ఇసుకకు రాత్రిళ్లు పట్టా కప్పాలి, లోపలికి రాగానే సబ్బుతో చేతులు కడిగించాలి.

పక్కింటివాళ్లతో మాట్లాడటం

గేటు పని మొదలుపెట్టేముందే ఈ మాట అయిపోవాలని నా అభిప్రాయం. చాలామంది కుక్క పెరట్లో ఉన్నప్పుడే కోపంగా వెళ్లి తలుపు కొడతారు. ఆ వేడిలో వాళ్లు కుక్కను వెనకేసుకొస్తారు, మనం గొంతు పెంచుతాం, అంతటితో దారి మూసుకుపోతుంది. ఇంకో రోజు, అందరూ తీరిగ్గా ఉన్న సమయంలో వెళ్లండి. ఫోన్లో తీసిన వీడియో వెంట ఉంచుకోండి. తమ కుక్క బయటికి పోతున్న సంగతి నిజంగానే తెలియని యజమానులు ఉంటారు.

"అన్నా, మీ కుక్కలు పొద్దున్నే మా పెరట్లోకి వస్తున్నాయి. మా పాప చిన్నది కదా, భయంగా ఉంది. మీరు గేటు తీసే వేళకు కాసేపు కట్టేసి ఉంచగలరా?" అని అడగండి. ఒక్క పనే అడగండి, అదీ వాళ్లు రేపే చేయగలిగేది అయి ఉండాలి. "మీ కుక్కలతో ప్రాణం పోతోంది" అంటే ఏం చేయాలో వాళ్లకూ తోచదు.

"మా కుక్క ఎవర్నీ ఏమీ అనదు" అన్న మాట తప్పకుండా వస్తుంది. దాన్ని కాదనొద్దు. "మిమ్మల్ని ఏమీ అనదు అన్నా, నిజమే. మా పాప దాన్ని చూసి పరుగెత్తుతుంది. పరుగెత్తితే ఏ కుక్కయినా వెంటపడుతుంది కదా" అంటే వాళ్లకూ అర్థమవుతుంది. అప్పుడే రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో అడిగి తెలుసుకోండి. కార్డు ఉంటే ఫోటో తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా అది డాక్టరుకు చెప్పాల్సి రావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మగకుక్కలు తిరగడం, మూత్రంతో గుర్తులు పెట్టడం తగ్గే అవకాశం ఉందని కూడా చెప్పి చూడండి. ఆ మాట వాళ్ల కుక్క మంచికోరి చెప్పినట్టు ఉండాలి.

కంచె ఇద్దరికీ ఉమ్మడిదైతే ఖర్చు పంచుకుందామని ముందు మీరే అనండి. నేను చేసిన ఉమ్మడి కంచె పనుల్లో ఈ మాట అన్నచోట గొడవ పెద్దదైంది లేదు.

మాట వినకపోతే తారీఖు, టైము, ఏం జరిగింది అన్నది ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. ఫోటోలు దాచండి. తర్వాత మర్యాదగా ఒక ఉత్తరం రాసి ఇచ్చి, కాపీ దగ్గర ఉంచుకోండి. అదీ పనిచేయకపోతే పెంపుడు జంతువుల ఫిర్యాదులు చూసే స్థానిక అధికారుల దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ రాతపూర్వకంగా ఉన్నదానికే విలువ.

గేటు, కంచె

ఇది నా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కుక్క తల పట్టినచోట ఒళ్లు కూడా పడుతుందని లెక్క వేసుకోండి. చువ్వల మధ్య నాలుగు అంగుళాల సందు ఉన్న గేటు చూడటానికి బాగానే ఉంటుంది, పెద్ద కుక్కను ఆపుతుంది కూడా. చిన్న జాతి కుక్కలు, కూనలు మాత్రం అందులోంచి నేరుగా నడిచొచ్చేస్తాయి. అలాంటి గేటు మార్చక్కర్లేదు. కింద రెండడుగుల ఎత్తువరకు రెండు అంగుళాల గడి ఉన్న వెల్డ్ మెష్ బిగిస్తే చాలు. ఆ మెష్ గేటుకు బయటివైపు, అంటే కుక్క వచ్చేవైపు బిగించాలి. కుక్క తోసినప్పుడు మెష్ చువ్వలకు ఆనుకుని మరింత బిగుసుకుంటుంది. లోపలివైపు కడితే తోసినకొద్దీ కట్లు వదులై ఊడిపోతాయి. కోసిన తీగ మొనలు వంచి, రాకి నున్నగా చేయించండి. ఆ ఎత్తులోనే మన పిల్లల మొహాలు, చేతులు ఉంటాయి. చికెన్ మెష్ కట్టి డబ్బు మిగుల్చుకుందాం అనుకోవద్దు. ఆ సన్న తీగను గట్టి కుక్క పళ్లతోనే చీల్చేస్తుంది.

గేటు కింద సందు రెండు అంగుళాలకు మించకూడదు. మూసి ఉన్నప్పుడు ఒకసారి, తెరుస్తూ మధ్యలో ఆపి ఒకసారి కొలవండి. నేల వాలుగా ఉంటే రెండు కొలతలూ వేరుగా వస్తాయి. మూసినప్పటి కొలత ఒక్కటే చూసి కింద ఇనప పట్టీ వెల్డింగ్ చేయిస్తే, గేటు తెరిచేటప్పుడు అది నేలకు గీరుకుని సగంలోనే ఆగిపోతుంది. అలాంటిచోట మందపాటి రబ్బరు బెల్టు ముక్కను గేటు అడుగున బోల్టులతో వేలాడదీయండి. కన్వేయర్ బెల్టు పాత ముక్క అయితే ఇంకా మంచిది. గేటు కదిలినప్పుడు అది వంగుతుంది, మూసినప్పుడు మళ్లీ నిలబడుతుంది. నేల చదునుగా ఉంటే మాత్రం గేటు కింద కాంక్రీటు పట్టీ పోయించడమే శాశ్వతమైన పని.

తవ్వి వచ్చే కుక్కకు మందు వేరు. కుక్క ఎప్పుడూ కంచె మొదట్లోనే, కంచెకు ముక్కు ఆనించి తవ్వుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. కాబట్టి జీఐ మెష్‌ను (జింకు పూత ఉన్న ఇనప జాలీని) నిలువునా మధ్యలో మడిచి, ఒక భాగం కంచెకు కట్టి, ఇంకో భాగం కుక్క వచ్చేవైపు నేల మీద ఒకటిన్నర నుంచి రెండడుగులు పరవండి. మేకులతో బిగించి పైన మట్టి కప్పితే గడ్డి పెరిగి కనపడకుండా పోతుంది. కుక్క ఎక్కడ గోకినా కాలికి తీగ తగులుతుంది. అవతలి నేల పక్కింటివాళ్లది అయితే వాళ్లను అడక్కుండా పరవడం కుదరదు. ఒప్పుకోకపోతే మన హద్దులోనే అడుగున్నర లోతు కాలువ తీసి మెష్‌ను నిలువుగా దించి పూడ్చాలి. గునపం వేసేముందు నీళ్ల పైపులు, కరెంటు కేబుళ్లు ఎటుపోతున్నాయో తెలుసుకోండి.

గోడ దూకే కుక్క అయితే ముందు దాని మెట్లు తీసేయండి. గోడ పక్కన పేర్చిన కట్టెలు, డ్రమ్ములు, బోర్లించిన కుండీలు, ఇవే దానికి మెట్లు. అడ్డచువ్వలున్న కంచె ఎక్కడానికి వీలుగా ఉంటుంది, నిలువు చువ్వలున్నది అలా ఉండదు. మామూలుగా ఆరడుగుల కంచె చాలా కుక్కలకు చాలు. అదీ దాటుతుంటే కంచె పైఅంచున గట్టి తీగ లాగి, దానికి పీవీసీ పైపు తొడగండి. పైపు వదులుగా తిరుగుతూ ఉండాలి. కుక్క ముందుకాళ్లు పైన వేయగానే పైపు దొర్లుతుంది, పట్టు దొరక్క అది వెనక్కే దిగిపోతుంది, దెబ్బ తగలదు. గోడమీద గాజుపెంకులు, మేకులు నాటమని నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. నేను చేయను. కుక్క కడుపు చీలుతుంది, బంతికోసం ఎక్కిన పిల్లాడి చెయ్యీ చీలుతుంది.

ఇంత చేసినా గేటు ఎవరో తీసి వదిలేస్తే లాభం లేదు. రెక్క తనంతట తానే మూసుకునేలా స్ప్రింగు కబ్జాలు, మూయగానే పడే గడియ పెట్టించండి. గేటుకు పెట్టే ఖర్చులో నాకు అన్నిటికంటే సార్థకం అనిపించేది ఇదే.

కంచెలోంచి లోపల కదలికలు కనపడుతుంటే కుక్కకు ఆసక్తి ఎక్కువవుతుంది. కింది మూడడుగులు కనపడకుండా రేకో, దట్టమైన మొక్కల వరుసో అడ్డం పెడితే అరుపులు కూడా తగ్గుతాయి.

బెదరగొట్టేవి: ఏవి పనికొస్తాయి, ఏవి వద్దు

కదలిక పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ మంచిది. కుక్క వచ్చే దారికి ఎదురుగా పెట్టాలి. చప్పుడుతో పాటు నీళ్లు మొహాన పడేసరికి అది బెదిరి వెళ్లిపోతుంది. మనకు వినపడని శబ్దం చేసే అల్ట్రాసోనిక్ యంత్రాలు ఒక కుక్క మీద పనిచేస్తే ఇంకోదాని మీద పనిచేయవు. వెనిగర్ వాసన కుక్కలకు నచ్చదు కానీ ఒక వాన పడితే పోతుంది.

కారం చల్లకండి. కుక్క కళ్లు, ముక్కు మండిపోతాయి, గాలికి లేచి మన పిల్లల కళ్లలోనూ పడుతుంది. నాఫ్తలిన్ ఉండలు పెరట్లో పెట్టకండి. అవి కుక్కకూ, మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే పసిపిల్లలకూ విషమే. ఎలుకల మందు, విషం కలిపిన తిండి అన్న ఆలోచనే రానివ్వకండి. అది క్రూరత్వం, నేరం. పైగా ఏ పిల్లి తింటుందో, ఏ పక్షి తింటుందో మన చేతిలో ఉండదు. రాళ్లు, వేడినీళ్లు కూడా అంతే. దెబ్బతిన్న కుక్క మనుషుల్ని చూస్తే భయపడుతుంది, భయపడ్డ కుక్కే ముందు కరుస్తుంది. గేటు మూసుకోవడం మరిచింది దాని యజమాని, ఆ మూగజీవి కాదు.

లోపలికి వచ్చేసిన కుక్కను పంపడం

ముందు పిల్లల్ని ఇంట్లోకి పంపండి. తర్వాత గేటు బార్లా తెరవండి. కుక్కకు బయటికి పోయే దారి కనిపించాలి. దారికి అడ్డంగా నిలబడి "పో పో" అని అరిస్తే అది ఎటు పోతుంది? మీరు దాని వెనకవైపుకు, దూరంగా చుట్టి రండి. చేతిలో పొడవాటి చీపురు ఉంటే దాన్ని అడ్డంగా పట్టుకుని, కొట్టకుండా, నెమ్మదిగా ముందుకు నడవండి. కళ్లలోకి చూడకండి. గొంతు గట్టిగా, పొట్టిగా ఉండాలి. మూలకు మాత్రం తరమొద్దు. మూలన ఇరుక్కుంటే ఎంత సాధువైన కుక్కయినా తిరగబడుతుంది. రెండు మూడు కలిసి వస్తే ఒంటరిగా ఉన్నప్పటికంటే ధైర్యంగా ఉంటాయి, అప్పుడు మీరొక్కరే దిగకుండా ఇంకొకర్ని తోడు పిలవండి.

పిల్లలకు ఆడిస్తూ ఇది నేర్పండి: కుక్క దగ్గరికి వస్తే పరుగెత్తకూడదు, అరవకూడదు. చేతులు ఒంటికి దగ్గరగా మడుచుకుని, నేలవైపు చూస్తూ చెట్టులా నిలబడాలి. కదలని మనిషిమీద కుక్కకు త్వరగా ఆసక్తి పోతుంది. పడేస్తే ముడుచుకుని, పిడికిళ్లతో చెవులు, మెడ కప్పుకోవాలి. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలు పెట్టిన కుక్కను ముట్టుకోకూడదు. మేం ఇంట్లో దీన్ని ఆటగా చేశాం, నేను కుక్కనై వాసన చూస్తూ చుట్టూ తిరిగితే వాళ్లు కదలకుండా నిలబడాలి. మాటగా చెప్పినదానికంటే అలాగే బాగా గుర్తుంటుంది.

కరిచినా, పన్ను గీరినా, గోటితో రక్కినా వెంటనే సబ్బు పెట్టి, కారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే ఆ కంగారులో రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. ఆ తర్వాత యాంటీసెప్టిక్ పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కారం, ఆకు పసరు లాంటివేవీ గాయంమీద పెట్టొద్దు. రేబిస్ లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడతాయి, ఒక్కోసారి వారంలోనే, ఒక్కోసారి ఏడాదికి. బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కాబట్టి "బాగానే ఉన్నాడుగా" అని ఆగకూడదు. తెలిసిన కుక్కే అయితే దాన్ని పది రోజులు కనిపెట్టి ఉండమని పక్కింటివాళ్లకు చెప్పండి. అది బాగానే ఉంటే మిగతా టీకా డోసులు అవసరమా లేదా అన్నది డాక్టరే చెబుతారు. ఆ పది రోజులు అయ్యేదాకా చూసి అప్పుడు టీకా మొదలుపెడదాం అనుకోకండి.

పని అయ్యాక

దారులు మూసిన కొత్తలో కుక్కలు మునుపటికంటే ఎక్కువగా ప్రయత్నిస్తాయి. కొత్తచోట గోకుతాయి, గేటును తోస్తాయి, అరుస్తాయి. మీ పని తప్పిందని దీన్ని చూసి అనుకోకండి, అలవాటు పోయేముందు ఇలాగే ఉంటుంది. ఆ రోజుల్లో ఇసుక చల్లడం మాత్రం మానకండి, కొత్తగా ఎక్కడైనా వదులైతే వెంటనే తెలుస్తుంది. వానాకాలం అయ్యాక ఒకసారి కంచె పొడవునా నడిచి, మట్టి కొట్టుకుపోయినచోట కంకర నింపి దిమ్మిస కొట్టండి. తుప్పు పట్టిన కట్లు మార్చండి. పక్కింటివాళ్లు కొత్తగా కూనను తెచ్చారని తెలిస్తే, అది అటూఇటూ తిరగడం మొదలుపెట్టకముందే దాని సైజుకు తగ్గట్టు సందులన్నీ మళ్లీ ఒకసారి కొలిచి చూసుకోండి.